పాత సంగతులకు అనుమతి

కోర్టుకొచ్చిన బట్టల షావుకారు దగ్గర ఉన్న సరుకల్లా ఒక్క అనుమానం. తన బంగారు ఉంగరం పక్క కొట్టు దర్జీయే కాజేశాడని. చూసినవాళ్ళెవరూ లేరు. రుజువైతే దర్జీకి జైలే. ఆ రుజువు కోసం షావుకారు పాత సంగతి తవ్వాడు.

"ఇదివరకు ఒకాయన పెన్ను పోతే ఇతని కొట్టులోనే దొరికిందండి. మనిషి ఒకసారి చేసిందే మళ్ళీ చేస్తాడు!"

"పాత సంగతులు ఈ కేసులోకి రానివ్వాలా?" అని జడ్జిగారు దర్జీ తరఫు లాయరమ్మను అడిగారు.

"రానివ్వండి సార్. ఇద్దరివీ రానివ్వండి." ఆమె షావుకారు వైపు తిరిగింది. "మీ కత్తెర పోయినప్పుడు ఎవర్ని అనుమానించారు?"

"మా బావమరిదిని."

"దొరికిందెక్కడ?"

"కొలిచి చుట్టేసిన గుడ్డ తానులో."

"మరి కళ్ళజోడు?"

"అదీ... ఇంకో తానులోనే."

కోర్టంతా గొల్లున నవ్వింది.

"ఉంగరం పోయిన రోజు చివరగా చుట్టిన తానేది?"

షావుకారు ఖాళీ వేలు తడుముకున్నాడు. వెనక బెంచీలోంచి ఆయన భార్య లేచింది.

"నల్ల ఉన్ని తానండీ. మళ్ళీ విప్పనేలేదు. ఉండండి, తెస్తాను."

మధ్యాహ్నం బల్ల మీద తాను దొర్లించగానే ఉంగరం జారి దర్జీ కాళ్ళ దగ్గర పడింది. అతను వంగి తీశాడు.

"ఇప్పుడు మాత్రం నా చేతిలోనే ఉంది షావుకారుగారూ. కేసు పెట్టుకోండి!"

"తప్పైపోయిందయ్యా, క్షమించు," అన్నాడు షావుకారు తల గోక్కుంటూ.

దర్జీ జేబులోంచి దారం తీసి, వదులు ఉంగరానికి చుట్టి, ఆయన వేలికి బిగువుగా తొడిగాడు.

మెట్లు దిగుతూ షావుకారు లెక్క చూసుకున్నాడు. ఇచ్చింది ఒక్క క్షమాపణ. వచ్చింది ఉంగరం, దాని మీద కొసరుగా దారం, రేపు కూడా పలకరించే పొరుగువాడు. ఇంత లాభసాటి బేరం ఆయనకు కొట్టులో ఎన్నడూ కుదరలేదు.