వందలోపు నాణెం

"పది నిమిషాలు," అన్నాడు భర్త గడియారం చూసుకుంటూ. "వందలోపు ఒక్కటి ఏరుకో. కబుర్లు పెట్టుకుని నన్ను నిలబెట్టకు."

ఆమె తలూపి, వారపు బజారులో చిట్టచివరి బల్ల ముందు కూర్చుంది. అతను వెనకే నిలబడి, ఆమె కుర్చీ వీపు మీద చేయి వేశాడు.

పాత నాణేల బల్ల అది. నల్లగుడ్డ మీద రాగివి, ఇత్తడివి, నికెలువి వరసలు తీరి ఉన్నాయి. వెనక అరవై దాటిన ఒకావిడ. ముక్కు మీదికి జారిన కళ్లజోడు, చేతిలో చిన్న పటకారు. చుట్టుపక్కల వాళ్లంతా ఆవిణ్ణి నాణేలావిడ అంటారు.

వారం మొత్తానికి ఆమెకు దొరికే గాలి ఈ పది నిమిషాలే. మిగతాదంతా మూడో అంతస్తులో రెండు గదులు. తలుపు తాళంచెవి అతని జేబులో ఉంటుంది. ఫోనూ అతని దగ్గరే. ఉద్యోగం పెళ్లైన మొదటి ఏడే మాన్పించాడు. స్నేహితురాళ్లు ఒక్కొక్కరే రాలిపోయారు. కిటికీ దగ్గర ఎక్కువసేపు నిలబడినా, "ఎవరికోసం?" అని అడుగుతాడు.

రెండేళ్ల కిందట ఈ బల్ల కొత్తగా వెలిసినప్పుడు, పాత నాణేలు పోగుచేసుకుంటానని ఆమె బిక్కుబిక్కుమంటూ అడిగింది. ఏ కళనున్నాడో, సరేనన్నాడు.

"మంచిదే. నాణేలైతే ఎదురు మాట్లాడవు," అని నవ్వాడు కూడా.

అయినా అనుమానం అనుమానమే. ఇంటికి వెళ్లగానే నాణెం ఉన్న కాగితం సంచి విప్పి లోపలా బయటా చూస్తాడు. నాణేన్ని కూడా బొమ్మాబొరుసూ తిప్పి చూసిగానీ ఆమె చేతికివ్వడు.

ఆ వందతోనే ఆమె కాస్త విద్య నేర్చింది. వెండి జోలికి పోకూడదు. బొమ్మ అరిగినా ఏడాది కనిపిస్తే చాలు, చవకలో వస్తుంది. ఒకప్పుడు ఎవరో మెళ్లో వేసుకోవడానికి చిల్లు పొడిచినవి ఇంకా చవక. రాగిదని చెప్పింది అయస్కాంతానికి అతుక్కుంటే మారు మాట్లాడకుండా వెనక్కిచ్చెయ్యాలి. మురికిగా ఉందని తోమకూడదు. తోమితే మెరుపొస్తుంది, విలువ పోతుంది. నిజానికి మొదట్లో నాణేలావిడకూ ఇవేవీ తెలియవు. ఇద్దరూ ఒకే చిరుగుల పుస్తకం మీదికి వంగి, కూడబలుక్కుని నేర్చుకున్నారు.

ఆమె ఎప్పుడూ తొందరపడేది కాదు. ముప్పైది, అరవైది, ఎనభై అయిదుది, అన్నీ తిప్పి తిప్పి చూసేది. పదో నిమిషం దాకా దేన్నీ తేల్చేది కాదు.

ఆ రోజు నాణేలావిడ ఒక రాగి నాణెం తీసి చిన్న త్రాసులో వేసింది.

"బరువు బాగా తగ్గిపోయినట్టుందే!" అంది.

"ఎప్పుడూ ఇంతేనండీ."

"అంచున దెబ్బ కూడా తగిలినట్టుంది. కొత్తదా?"

"పాతదేనండీ," అని ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"దెబ్బ ఉంటే ధర తగ్గించాలి కదా?" అన్నాడు భర్త పైనుంచి.

నాణేలావిడ నల్లగుడ్డ మీద ముడతలు సరిచేస్తూ కూర్చుంది.

"పోయిన వారం పెద్ద నాణెం మసకబారిందన్నారు. ఏమైందండీ?" అని అడిగింది ఆమె.

"తేరుకుందమ్మా. చేయి తిరిగినవాడి దగ్గరికి పంపించాం. పైన పొర తీసేశాడు. ఇప్పుడు అక్షరాలన్నీ చక్కగా కనబడుతున్నాయి."

"మరి చిన్నది?"

"చిన్నదానికి జత కుదిరింది. వచ్చే నెల్లో కలిపేస్తున్నాం."

ఆమె భూతద్దం కంటికి పెట్టుకుంది. చాలాసేపు తీయలేదు.

"ఆ జత ఒక్కసారి చూడాలనుందండీ."

"ఎంతేమిటి అది?" అన్నాడు భర్త.

"అమ్మకానికి కాదు బాబూ."

"అమ్మనిదానికి ఇంత సోదెందుకు? త్వరగా తెమలండి ఇద్దరూ. ఎలాగూ ఇదే ఆఖరు."

నాణేలావిడ తలెత్తింది. "ఆఖరేమిటి బాబూ?"

"నాకు బదిలీ అయింది. రైల్లో పూర్తిగా ఒక రోజు ప్రయాణం. గురువారం సామాను ఎక్కిస్తున్నాం."

ఆ సంగతి ఆమె వినడమూ అప్పుడే. చేతిలోని నాణెం జారి, బల్ల అంచుదాకా దొర్లి కింద పడింది. ఆమె వంగింది. అటునుంచి నాణేలావిడా వంగింది. బల్ల కింద నాణెం దొరికాక కూడా రెండు చేతులూ వెంటనే పైకి రాలేదు.

"దొరకలేదా ఇంకా?"

"దొరికిందండీ."

ఆమె లేచి, నాణేన్ని నల్లగుడ్డ మీద పెట్టింది. "ఇదే తీసుకుంటాను," అంది.

నాణేలావిడ దాన్ని కాగితం సంచిలో వేసి, మూతి మడిచి అతికించింది. ఒకసారి అతికిన చోటే మళ్లీ మళ్లీ నొక్కింది.

"ఆ ఊళ్లో కూడా ఇలాంటి వారపు బజారు ఉంటుందా బాబూ?"

"ఊరన్నాక ఉండదా? ఏం?"

"అక్కడా ఒక బల్ల వేద్దామని."

భర్త పకపకా నవ్వాడు. "వంద బేరానికి రైలెక్కి వస్తావా? నీకేమన్నా పిచ్చా?"

"అలాగే అనుకో బాబూ. ఊరి పేరు చెప్పు."

అతను నవ్వుతూనే చెప్పాడు. పెళ్లికి పిలవనివ్వక, గడప తొక్కనివ్వక, ఈ ఏడేళ్లలో ఒక్కసారైనా ముఖం చూడని తన అత్తగారి చేతిలో వంద నోటు పెట్టి, చిల్లర కోసం చెయ్యి చాపాడు.