తొందర లేని మనిషి

షట్టరు సగం లేచేసరికే ఎనిమిది మంది లోపలికి వంగి చూస్తున్నారు.

"సిమెంటు వచ్చిందా అక్కా?"

"షట్టరు పూర్తిగా లేవనివ్వండి. నేనేం కొంగున మూటగట్టుకుని కూర్చోలేదు."

మూడు వారాలుగా సిమెంటు వ్యాగన్లు ఎక్కడో దారిలో నిలిచిపోయాయి. డిపోకి ఫోన్ చేస్తే "రేపు" అంటారు. ఆ రేపు ఎప్పటికీ రేపే. కొట్లాటలు పడలేక దుకాణం ఆవిడ నంబరు చీటీలు రాసిచ్చింది. ఎవరికైనా సరే, పన్నెండు బస్తాలకు మించి లేదు.

ఆ రోజు గోదాములో మిగిలినవి సరిగ్గా పన్నెండే.

ఒకటో నంబరు చీటీ ఒక బక్కపలచటి పెద్దాయనది. ఆయన చీటీ చాపేలోపే మేస్త్రి అడ్డం పడ్డాడు.

"స్లాబు సగం పోశానక్కా! మిగతా సగం ఇవాళ పడకపోతే అతుకు నిలవదు. రేపు నీళ్లు కారితే నా మొహాన ఉమ్మేస్తారు."

"వరుసంటే వరుసే మేస్త్రీ."

పెద్దాయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆయనకే ఇచ్చెయ్యమ్మా. సగంలో ఆగిన స్లాబు మంచిది కాదు. నాది తర్వాత చూద్దాం."

అమ్మయ్య అనుకుందావిడ. "మీలాంటోళ్లు పదిమందుంటే ఈ కరువు ఇట్టే దాటేస్తాం బాబాయ్!"

ఆనాటి నుంచి దుకాణంలో ఆయన పేరు నిదానమయ్య.

మరుసటి వారం అర లోడు దిగింది. దిగింది దిగినట్టే కరిగిపోయింది. నిదానమయ్య వంతు వచ్చేసరికి ఆఖరి బస్తాలే మిగిలాయి. వెనకనుంచి ఒకామె గోల పెట్టింది.

"సెప్టిక్ ట్యాంకుకి గొయ్యి తవ్వి వదిలేశాం. మూత వెయ్యడానికి సిమెంటు లేదు. పక్కనే పిల్లలు ఆడుతున్నారు."

"ముందు ఆ గొయ్యి మూయించమ్మా" అని నిదానమయ్య పక్కకి జరిగాడు.

మూడోసారి దుకాణం ఆవిడ ఆయన్ని అడగనే లేదు. కాంట్రాక్టరు బల్ల గుద్ది అరుస్తుంటే, నిదానమయ్య వంతు పన్నెండు బస్తాలూ అతని బండికెత్తించేసింది.

మధ్యాహ్నం నిదానమయ్య వచ్చాడు.

"అయిపోయాయి బాబాయ్. ఏమీ అనుకోకండి. మీకెలాగూ తొందర లేదు కదా!"

ఆయన గుమ్మంలోనే ఆగాడు.

"ఈసారి మాత్రం కాస్త..."

ఫోన్ మోగింది. డిపో వాళ్లు. ఒక్క నిమిషం అన్నట్టు ఆవిడ వేలు చూపించింది. మాట్లాడి తల తిప్పేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

ఆదివారం కుండపోతగా వాన కురిసింది.

మంగళవారం ఒకేసారి రెండు లారీలొచ్చాయి. ఆవిడ మొట్టమొదట పన్నెండు బస్తాలు చెక్కల మీద పేర్పించి, పట్టా కప్పించింది.

"ఇవి నిదానమయ్యవి. దేవుడే దిగొచ్చినా ఇవ్వొద్దు."

ఆయన రాలేదు. బుధవారం రాలేదు, గురువారం రాలేదు. శనివారానికి ఆవిడకి మనసాగలేదు. బస్తాలు ట్రాలీ ఆటోకెక్కించి, పుస్తకంలో ఉన్న చిరునామా పట్టుకుని తనే బయల్దేరింది.

వీధి చివర నాలుగు గోడలు లేచి ఉన్నాయి. ఒకటే గది. పైన కప్పు లేదు. ఉన్న ఇంటికి తోడు అద్దెకిచ్చుకోవడానికి కడుతున్నట్టున్నాడు అనుకుందావిడ.

పక్కింటామె గోడ మీద నుంచి తొంగి చూసింది.

"పెద్దాయన లేరా అండీ?" అని అడిగింది దుకాణం ఆవిడ.

"వెళ్లిపోయారమ్మా. వాళ్లావిడకి ఆయాసం ముదిరిపోయింది. బావమరిది వచ్చి వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు. ఇక రారు. స్థలం ఎవరికైనా బేరం పెట్టమన్నారు."

"అయ్యో! ఈ బస్తాలు ఆయనవే. ఇన్నాళ్లూ ఉన్న ఇల్లెక్కడో చెప్పండి, అక్కడ దింపి పోతాను. తాళం ఎవరి దగ్గరుంది?"

పక్కింటామె ఒక క్షణం ఆవిడ మొహంలోకి చూసి, ఆ గోడల మధ్య నీళ్లు నిలిచిన నేల మీద బోర్లా పడి ఉన్న రెండు మంచాల వైపు చెయ్యి చూపించింది.

"పాతిల్లు కూలిపోయినప్పట్నుంచీ ఆలుమగలిద్దరూ ఉన్నది ఇక్కడేనమ్మా."