నొప్పి లేని మోకాలు

మోకీలు మార్చిన మూడోనాడే మనిషి పనిలోకి రావలసిన కాలమది. ఆపరేషన్ చేసినచోట ఒక్క మత్తుసూది పొడిస్తే ఆరు నెలలు నొప్పి తెలిసేది కాదు. నొప్పి లేనివాళ్లకు విశ్రాంతి ఎందుకని సెలవులు ఎత్తేశారు. నొప్పి కొలిచే పట్టీ ఒప్పుకుంటేనే ఎవరైనా ఇంటికి పోవాలి.

కాకినాడ రొయ్యల షెడ్డులో గంగాభవాని మోకీలు మార్పించుకున్నాక మూడేళ్లుగా సూది మీద సూది వేయించుకుంటూ, నిలబడి రొయ్యల తలలు తీస్తోంది. కాలు వాచి పక్కకు ఒరిగిపోతున్నా ఆమెకు తెలియలేదు. చూసి ఏడ్చింది కూతురు హేమలతే.

"ఈసారి సూది వద్దే అమ్మా. నొప్పొస్తే వాళ్లే పంపేస్తారు."

గంగాభవాని సూది మానేసింది. నొప్పి కోసం చుట్టం కోసం చూసినట్టు ఎదురుచూసింది. పాత సూది గడువు తీరి నెల గడిచినా అది రాలేదు.

చివరికి షెడ్డు నర్సు సుగుణ దగ్గరికి వెళ్లింది. సుగుణ పట్టీ చుట్టి మోకాలిని గట్టిగా నొక్కింది. పట్టీ మీద సున్నా కనిపించింది.

"నరం చచ్చిపోయింది పిన్నిగారూ. ఇక మీకు సూదితో పనిలేదు."

"కాలు ఇలా వంకరపోయింది కదమ్మా, సెలవు రాయవూ?"

"పట్టీ ఒప్పుకోదండీ. నేనేం చెయ్యను?" అంటూ సుగుణ తలదించుకుంది.

గంగాభవాని రబ్బరు బూట్లు తొడుక్కుని తన చోటికి వెళ్లి నిలబడింది. సంగతి విన్న పక్కావిడ, "అదృష్టవంతురాలివి వదినా, నీకిక సూదిపోటు కూడా లేదు" అంది.

గంగాభవాని ఔనన్నట్టు తలూపి మరో రొయ్య అందుకుంది.