పక్కగదిలో అద్దెకున్న మనిషి

ఓబులమ్మ ఆ పరుపుచుట్టను చేత్తో ముట్టుకోలేదు. చీపురుకట్టతో వీధిలోకి నెట్టింది.

కృపారాణి పని నుంచి తిరిగొచ్చేసరికి బకెట్టు, స్టవ్వు, బట్టల సంచీ అన్నీ వీధి కుళాయి పక్కన పడున్నాయి. చుట్టూ పదిమంది చేరారు.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"ఏందని నన్నడుగుతావా? ఆత్మకూరు ఆసుపత్రిలో ఎయిడ్స్ పరీక్షల గది ముందర కూర్చోనుండావంట గదా! మస్తాన్ కళ్ళారా చూసినాడు."

కృపారాణి మస్తాన్ వంక చూసింది. అతను తన ఆటో అద్దం తుడుచుకుంటూ తల తిప్పుకున్నాడు.

"కూర్చున్నాను పెద్దమ్మా."

"విన్నారా? నోటితోనే ఒప్పుకునింది!"

ఓబులమ్మ చెడ్డ మనిషేం కాదు. మూడేళ్ళ కిందట కొండాపురం నుంచి ఒంటరిగా వచ్చిన కృపారాణికి ఉదయగిరిలో తన ఇంటి పక్కగది అద్దెకిచ్చింది ఆమే. ఏదో సంస్థలో పని అంటే, ఏం పనని గుచ్చి గుచ్చి అడగలేదు. ఆదివారం చర్చికి పోయే పిల్ల, నెమ్మదస్తురాలు, అంతే చాలనుకుంది.

కొడుకు మల్లికార్జున బోరు బండి మీద కర్ణాటకలో తిరిగే మనిషి. కోడలు నిరోషకు కాన్పయినప్పుడు ఆసుపత్రిలో నాలుగు దినాలు తోడున్నది కృపారాణే. మనవరాలు అశ్విత ఆమె చంకలోనే పెరిగింది.

ఇప్పుడు అదే గుర్తొచ్చి ఓబులమ్మకు ఒళ్ళు భగ్గుమంది.

"నా మనవరాలిని ఎత్తుకునే చేతులా అవి? మా గ్లాసుల్లో నీళ్ళు తాగినావు గదమే! అట్లాంటోళ్ళు మనుషుల మధ్య ఉండకూడదు. యాడికన్నా పోయి చావు!"

"గ్లాసుతో రాదు పెద్దమ్మా. ఎత్తుకుంటే రాదు."

"నాకు చెప్పొచ్చినావా? సరే, ఆడికి ఎందుకు పోయినావో చెప్పు. అందరం వింటాం."

వీధంతా చెవులు రిక్కించింది.

కృపారాణి ఏదో అనబోయింది. అంతలోనే వంగి బట్టల సంచీ చేతికి తీసుకుంది.

"చెప్పలేను పెద్దమ్మా."

అశ్విత గడప దిగి ఆమె దగ్గరికి పరుగెత్తబోయింది. నిరోష బిడ్డను గట్టిగా పట్టుకుంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కృపారాణి సామాను ఎత్తుకుని బస్టాండు వైపు నడిచింది. ఓబులమ్మ గదిని ఫినాయిలు పోసి రెండుసార్లు కడిగించింది.

ఆ ఊళ్ళో ఆమెకు మళ్ళీ ఎవరూ గది ఇవ్వలేదు. సంస్థవాళ్ళు ఎక్కడో దూరానికి మార్చారని కబురొచ్చింది.

"పీడ పోయింది" అనుకుంది ఓబులమ్మ.

ఎనిమిది నెలలు గడిచాయి.

నిరోషకు జ్వరం పట్టుకుంది. ఆ వెనకే దగ్గు. మనిషి ఎండు కంపలా అయిపోయింది. సూదులకు తగ్గలేదు, మొక్కులకు తగ్గలేదు. చివరికి నెల్లూరు తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్చారు.

"మా కోడలికి ఏం రోగం డాక్టరమ్మా?" అనడిగింది ఓబులమ్మ.

"అది ఆమె చెప్పాల్సిన మాటమ్మా. ఆమె ఒప్పుకోకుండా మేం చెప్పకూడదు."

"నేను అత్తనమ్మా!"

"కన్నతల్లి వచ్చి అడిగినా ఇదే చెప్తాను."

ఓబులమ్మ మంచం పక్కన కూలబడింది. నిరోష పైకప్పు వంక చూస్తూ మెల్లగా అంది.

"హెచ్చైవీ అత్తా."

ఓబులమ్మ నెత్తి బాదుకుంది.

"ఆ ముదనష్టపుది అంటించి పోయిందే! కడుపులో పెట్టుకుని చూసినందుకు నా ఇంటికే నిప్పు పెట్టిందే!"

"ఆమెనేమీ అనొద్దు. ఆమెకు ఏ జబ్బూ లేదు. నాకు కడుపుతో ఉన్నప్పుడే తెలిసింది. నీ కొడుక్కూ ఉండాది. ఆయన కర్ణాటకలోనే మాత్రలు వేసుకుంటా ఉండాడు."

ఓబులమ్మ మంచం అంచు పట్టుకుంది.

"బిడ్డకు?"

"లేదు. పద్దెనిమిది నెలలకు ఆఖరి పరీక్ష చేసి, లేదని చెప్పినారు. దినమూ దగ్గర నిలబడి నా చేత మాత్ర మింగించింది కృపక్క."

"మరి నువ్వెందుకే ఇట్టయినావు?"

"మానేసినాను."

"ఎందుకు?"

"ఆ దినం నువ్వన్న మాటలన్నీ విన్నాను గదా. మాత్రల డబ్బా నీ కంటబడితే నా గతీ అంతేననుకున్నాను. అక్క ఫోన్ చేసినప్పుడల్లా వేసుకుంటా ఉండానని అబద్ధం చెప్పినాను."

ఓబులమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. ఎముకలు తప్ప ఏమీ తగల్లేదు. మందులు మొదలుపెట్టామని, కానీ బాగా ఆలస్యమైందని డాక్టరమ్మ పొద్దునే చెప్పింది.

"ఆ దినం ఆత్మకూరులో..."

"మాత్రల కోసం పోయి గది లోపల నేనుండాను. నాకు తోడొచ్చి ఆమె బయట కూర్చునింది. నాలాంటోళ్ళకు ధైర్యం చెప్పి ఆసుపత్రికి తీసుకుపోవడమే ఆమె ఉద్యోగం."

"ఆ ఒక్క ముక్క అప్పుడే చెప్పుంటే సరిపోయేది గదే! ఊరందరి ముందర అన్ని మాటలు ఎందుకు పడింది?"

నిరోష దగ్గు ఆగేదాకా ఉండి, అత్త ముఖంలోకి చూసింది.

"చెప్తే, ఆమె ఎవరెవరి గడప తొక్కిందో ఊరంతా లెక్కేసుకుంటాది గదత్తా. ఆ ఊళ్ళో ఆమె తొక్కిన మొదటి గడప మనదే."