కిమ్మనని ఇంజను

“ఇందాక నీ చెవులతోనే విన్నావుగా బావా. పాత సింథటిక్ ఆయిలు పోసిన వ్యాను గరగరలాడింది. నేను తెప్పించిన కొత్త సింథటిక్ పోసినది కిమ్మనలేదు. ఇంకా ఆ ఫిల్టర్లు కోయడమెందుకు?” అన్నాడు ఆయిల్ షాపు యజమాని.

కొనేవాడు చెవితోనే కొంటాడని ఆయన లెక్క. అది ఇంతవరకు తప్పలేదు.

మెకానిక్ బావ రెండు వ్యాన్ల ఆయిల్ ఫిల్టర్లనూ కోసి, లోపలి కాగితాలను లైటు కింద పరిచాడు. గరగరలాడినదాని కాగితం మీద ఉత్త మసి. కిమ్మననిదాని కాగితం తళతళ మెరుస్తోంది.

యజమాని ఆ మెరుపును వేలితో రుద్ది చూశాడు. గరుకుగా తగిలింది.

“బేరింగుల పొడి,” అన్నాడు బావ. “నీ ఆయిలు జిగురులా చిక్కగా ఉంది. చప్పుడును మింగుతోంది గానీ సందుల్లోకి పోవట్లేదు. ఇంజను పట్టేసి ఆగిపోయేదాకా నడిపేవాడికి తెలీదు. ఇంకెవరికైనా పోశావా?”

యజమాని జేబులోంచి ఫోను తీశాడు.

“అల్లుడి వ్యానుకి. అమ్మాయి కూడా అందులోనే ఉంది.”

వెంటనే అల్లుడి నంబరు నొక్కాడు.

“కొండ ఎక్కుతున్నాం మామయ్యా,” అన్నాడు అల్లుడు హుషారుగా. “ఆయిలంటే మీదే. మీ అమ్మాయి హాయిగా నిద్రపోతోంది. మీటర్ల మధ్య ఆయిల్ డబ్బా బొమ్మతో ఎర్ర లైటొకటి వెలుగుతోంది గానీ, దానికే ఏదో రోగం వచ్చినట్టుంది.”

“బండి ఆపు నాయనా. ఇప్పుడే ఆపు.”

“ఈ మలుపుల్లో ఎక్కడ ఆపను? వెనక లారీలున్నాయి. అయినా చప్పుడు లేనంతవరకు భయం లేదని మీరేగా చెప్పారు,” అని నవ్వి, అల్లుడు ఫోను పెట్టేశాడు.