పేరులేని బటన్లు

“మోకాళ్ల డాక్టరు దొరకడమే గగనమంటే, దొరికిన అపాయింట్‌మెంట్ కూడా రద్దు చేసుకున్నావా అక్కా?”

“నేనా? చేసింది నీ వెబ్‌సైట్!” అక్క ఫోన్‌ని తమ్ముడి ఒళ్లోకి తోసింది.

చూపులేని ఆవిడకి తెర మీద ఉన్నదంతా ఫోనే చదివి వినిపిస్తుంది. ఆ ఆసుపత్రి వెబ్‌సైట్ తయారుచేసింది తమ్ముడే.

“విను. ‘బటన్, బటన్, బటన్’. ఏది దేనికో చెప్పి చావదు. ఆఖరిది ‘ఖాయం’ అని గుర్తుపెట్టుకున్నా. ఇవాళా అదే నొక్కా.”

ఆఖర్న ‘రద్దు’ బటన్‌ని తమ్ముడు చేర్చింది నిన్ననే.

“మొదట్నుంచీ ఇంతేనా? ఒక్క మాట చెప్పొచ్చుగా!”

“ముచ్చటపడి చేశావు, వంకలు పెట్టడమెందుకని ఊరుకున్నా. నువ్వు మాత్రం ఒక్కసారైనా కళ్లు మూసుకుని వాడి చూశావా?”

అతను కళ్లు మూసుకుని తెర మీద వేలు జరిపాడు. ‘బటన్’ అంది ఫోన్. మళ్లీ జరిపాడు. ‘బటన్’ అంది.

“చిరాకేస్తోందా?” అంది అక్క, మోకాలు పట్టుకుని పక్కన కూర్చుంటూ.

“ఏడుపొస్తోంది. ఒక్కోదానికీ పేరు పెడతా. నువ్వు నొక్కి చూడు. బాగోకపోతే తిట్టు.”

“తిడతా. తర్వాత మూతి ముడవకు.”

“ముడవను గానీ, ఏ రోజుది ఆ రోజే తిట్టక్కా. దాచుకోకు.”