పుట్టగొడుగుల తొలికాపు

"ఏమనుకోకు బావా, నేను మాత్రం తినను," అంటూ బావమరిది కంచం పక్కకి జరిపేశాడు.

వంటింట్లో పుట్టగొడుగులు అప్పుడే మూకుట్లో చిటపటలాడుతున్నాయి. మామూలుగా అయితే దర్జీకి ముక్కు మీదే ఉంటుంది కోపం. ఇవాళ రాలేదు. మెడలో టేపు సర్దుకుని, బావమరిది చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లాడు.

గోడ నీడన మంచమంత ఎండుగడ్డి మడి. దాని అంచుల వెంట గుత్తులు గుత్తులుగా పుట్టగొడుగులు. ఒక గిన్నె నిండా కోశాక కూడా అన్ని మిగిలాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, ఇది దర్జీకి మొదటి మడి. ఈమధ్య పొద్దున లేస్తే ఆయన కుట్టుమిషను ముఖం చూడటం మానేసి దీని ముఖమే చూస్తున్నాడు.

"చూశావా? గడ్డిని వేడినీళ్లలో నానబెట్టాను. పిడికిట్లో పిండితే ఒక్క బొట్టు రాలాలి, అంతే తడి ఉంచాను. ఎండ తగలకుండా గోనెపట్టా కప్పాను. ఇంకేం కావాలిరా నీకు?"

"నేను ఆస్పత్రిలో కాంపౌండర్ని బావా. పుట్టగొడుగులు తిని వచ్చినవాళ్లని కళ్లారా చూశాను. తినేటప్పుడు అందరూ ఆహా ఓహో అన్నవాళ్లే. తెలియనిది నోట్లో పెడితే ప్రాణాల మీదకొస్తుంది."

"నూటికి నూరుపాళ్లు నిజం. తనంత తానే మొలిచినదాన్ని నేనూ ముట్టుకోను. ఇవి నేను మడి కట్టి పెంచినవి."

బావమరిది వంగి చూశాడు. "విత్తనం ప్యాకెట్ మీద బొమ్మలో తెల్లగా ఉంటాయన్నావు. ఇవేమో బూడిదరంగులో ఉన్నాయి?"

"పాస్‌పోర్టు ఫొటోలో నువ్వు నీలాగే ఉన్నావా?"

బావమరిదికి నవ్వొచ్చింది గానీ పట్టు విడవలేదు. "మరి మధ్యలో ఈ పచ్చ మొలకలేంటి?"

"అది గడ్డిలో సత్తువరా!" అన్నాడు దర్జీ ఏమాత్రం తడుముకోకుండా. మొదటి మడి వేసినవాడికి తెలియని సంగతంటూ ఉండదు. "ఇలా విను. పుట్టగొడుగుకి మామూలు విత్తనం ఉండదు. తెల్లటి బూజే దాని విత్తనం. గోధుమల మీద ఆ బూజు బాగా పట్టించి ప్యాకెట్లలో అమ్ముతారు. అది గడ్డిలోకి పాకి, ఇదిగో, ఇలా గొడుగులెత్తుతుంది. ఏ రకం బూజు వేస్తే ఆ రకమే వస్తుంది. చొక్కాకని కత్తిరించిన గుడ్డ నిక్కరై కూర్చుంటుందా?"

"అంటే ఆ విత్తనం మంచిదైతే చాలన్నమాట."

"దగ్గరుండి నేనే కొన్నాను. విత్తనాల కొట్లో, సీలు చూసుకుని మరీ. కళ్లు మూసుకుని తినొచ్చు."

కాంపౌండర్ ఒక్క క్షణం ఆలోచించాడు. బావకి కోతలు కొయ్యడం అలవాటే గానీ, ఈ మాటల్లో ఎక్కడా తప్పు దొరకలేదు. "అయితే సరే, పద. నీ మీద భారం వేసి తింటున్నాను," అన్నాడు.

ఉల్లిపాయలు, మిరియాలపొడి వేసిన వేపుడు ఘుమఘుమలాడుతూ కంచాల్లోకి వచ్చింది. దర్జీ ముందు తాను తిని, మారు వడ్డించమన్నాడు. బావమరిది భయంభయంగా ఒక ముక్క నమిలాడు. తర్వాత రెండు. ఆ తర్వాత గిన్నే తన వైపు లాక్కున్నాడు.

"అక్కా, ఇన్నాళ్లూ ఇవి తినకుండా ఎలా బతికానే!"

"మెచ్చుకుంటే మీ అక్కనే మెచ్చుకోవాలి," అన్నాడు దర్జీ వేళ్లు నాకుతూ. "నేను గడ్డి పరిచి తొక్కుతుంటే, నా వెనకాల నిలబడి పొరపొరకీ విత్తనం చల్లింది తనే. నేను కనీసం వెనక్కి తిరిగి చూడాల్సిన పని కూడా పడలేదు."

ఆమె ముఖం చాటంత అయింది. పుట్టింటివాళ్ల ముందు మొగుడు తనని మెచ్చుకోవడం ఇదే మొదలు. కడుపులో దాచుకున్న మాట ఇక ఆగలేదు.

"ఇప్పుడు చెబితే తిట్టరు కదా!" అంటూ ఇద్దరికీ చెరో గరిటెడు వడ్డించింది. "మీ మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నాను గానీ, ఆ కొట్టువాడు మిమ్మల్ని నిలువునా ముంచాడండీ. ప్యాకెట్ విప్పితే గోధుమలన్నీ తెల్లగా బూజు పట్టి ఉన్నాయి. వాటిని చెత్తబండిలో పారబోసి, మన డబ్బాలోని మంచి గోధుమలు చల్లాను!"